తొంగి చూచిన ముక్క



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల సంఘములలో తిరుగునప్పుడు యువకులు మమ్ములను తరచుగా అడుగు ప్రశ్న ఒకటున్నది. "అయ్యగారూ, మూడు పత్తాలాట జూదమే, ఒప్పుకుంటం. కానీ లెక్క పెట్టి ఆడేది జూదమెట్లయితది? అది తెలివి గదా?" అందురు. ఇంకొకరు మరి కొంత ముందుకు పోయి, "పంచేటాయన సోయి లేక ముక్క చూపిస్తే మనం చూసుడు తప్పెట్లయితది? కండ్లు మూసుకొని కూసోవాల్నా?" అందురు. పండుగపూట చెట్టు క్రింద ఆడువారే గాక, గోవాలో మాండవి నది మీది కాసినో ఓడలు చూచి వచ్చినవారును, ఫోనులో ఆడినవారును ఇదే అడుగుచున్నారు. జూదము పాపమని ఒక్క మాట చెప్పి పంపిన యెడల వారు తల ఊపి వెళ్ళుదురు గాని, ప్రశ్న వారి మనస్సులో అట్లే నిలిచియుండును. గనుక ఈ నెల ఆ లెక్కనే విప్పి చూతము.

మొదట ఒక సత్యము ఒప్పుకొందము. లెక్క అనునది కట్టుకథ కాదు. కాసినోలలో బ్లాక్‌జాక్ అను ఆట కలదు. ముక్కల విలువ కూడినప్పుడు ఇరువదియొకటికి మించకుండ, పంచువానికంటె ఎక్కువ తెచ్చుకొనవలెను. రాజు, రాణి, జాకీలకు పది. ఆసుకు ఒకటి గాని పదకొండు గాని. పంచువాడు తన ముక్కలలో ఒకటి అందరికిని కనబడునట్లు, రెండవది బోర్లించి ఉంచును. 1962 లో అమెరికాలో ఎడ్వర్డ్ థార్ప్ అను గణిత శాస్త్రజ్ఞుడు ఈ ఆటను లెక్కతో గెలువవచ్చునని ఒక పుస్తకము వ్రాసెను. ఆయన సూత్రము సులువైనది. వెళ్ళిపోయిన ముక్క, కట్ట మరల కలుపువరకు తిరిగి రాదు. చిన్న ముక్కలు ఎక్కువగా వెళ్ళిపోయిన యెడల మిగిలినవాటిలో పదులు, ఆసులు ఎక్కువగును. అది ఆడువానికి మేలు. రెండు మొదలు ఆరు వరకు గల ముక్క కనబడిన యెడల ఒకటి కలుపుదురు. పది, బొమ్మ, ఆసు కనబడిన యెడల ఒకటి తీసివేయుదురు. ఆ లెక్క పెరిగినప్పుడు పందెము పెంచుదురు. అంతే.

మన రమ్మీలో కూడ ఈ లెక్క ఉన్నది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో డబ్బుకు రమ్మీ ఆడుచుండగా పోలీసులు పట్టుకొన్న వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు వెళ్ళినది. 1967 లో ఆ కోర్టు, రమ్మీ మూడు ముక్కలాటవలె కేవలము అదృష్టము కాదనియు, పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనుటకును, ఏది ఉంచుకొని ఏది వదలవలెనో నిర్ణయించుటకును నేర్పు కావలెననియు తీర్పు చెప్పినది. గనుక తెలివి ఉన్నదను యువకుల మాటను మేము కొట్టివేయము. ఆ తెలివి విలువ ఎంత అని మాత్రము అడుగుచున్నాము.

రూపాయలలో చూతము. బ్లాక్‌జాక్‌లో తప్పు లేకుండ ఆడువానికి కూడ కాసినోదే పై చేయి. నూరు రూపాయల పందెము మీద సగటున ఏబది పైసలు ఆడించువానికి మిగులును. లెక్క పెట్టుటలో ఆరితేరినవాడు దీనిని తిప్పి, నూటికి ఒక్క రూపాయి తన వైపునకు తెచ్చుకొనగలడు. అనగా నూరు రూపాయల చొప్పున నూరు ఆటలు ఆడిన యెడల సగటు లాభము నూరు రూపాయలు. కాని ఆ నూరు ఆటలలోనే వెయ్యి రూపాయలు అటో ఇటో పోవుట మామూలు సంగతి. ఒక్క రూపాయి లాభము నిజముగా చేతికి రావలెనన్న వేలకొలది ఆటలు ఆడవలెను. మధ్యలో వచ్చు నష్టమును తట్టుకొనుటకు పెద్ద మూలధనము ఉండవలెను. ఇంత చేసి గెలుచుచున్నాడని కాసినోవారు కనిపెట్టిన యెడల, చాల చోట్ల వానిని బయటికి పంపివేయుదురు. సిరిసిల్లలో సాంచాల మీద వారమంతా నిలబడి తెచ్చిన కూలి ఆ మూలధనము కాజాలదు.

ఇక తొంగి చూచిన ముక్క సంగతి. లెక్క పెట్టువాడు ఇతరులు చూడని ముక్క ఒకటి చూచెననుకొందము. కాసినోలో ఆరు కట్టలు కలిపి ఆడుదురు, 312 ముక్కలు. అందులో ఒక్కటి అదనముగా తెలిసినందువలన కలుగు లాభము, నూరు రూపాయల పందెము మీద ఎనిమిది పైసల దరిదాపు. కాని చూచినది పంచువాడు బోర్లించిన ముక్క అయిన యెడల లాభము నూటికి సుమారు పది రూపాయలు. తనకు రాబోవు మొదటి ముక్క ఆసు అని ముందే తెలిసిన యెడల నూటికి సుమారు ఏబది. కట్ట కలుపునప్పుడు అడుగు ముక్క కనబడకుండ కాసినోవారు దాని క్రింద ప్లాస్టిక్ ముక్క అడ్డము పెట్టుట ఇందుకే. చూడుడి, కష్టపడి పెట్టిన లెక్కకు ఒక్క రూపాయి. ఒక్క దొంగచూపునకు పది. శోధన ఎక్కడున్నదో దీనినిబట్టి తెలియుచున్నది. తెలివి ఆటగా మొదలుపెట్టినవాడు కొన్నాళ్ళకు చూపు ఆటలోనికి జారిపోవుట ఇందువలననే.

అది తప్పా కాదా అని న్యాయస్థానములు కూడ ఆలోచించినవి. అమెరికాలోని నెవాడాలో, ఏ పరికరమును వాడక, తన స్థానములో కూర్చుండియే కనబడిన ముక్కను వాడుకొనుట నేరము కాదన్నారు. ఇంగ్లండులో మరొక రీతిగా జరిగినది. 2012 లో ఫిల్ ఐవీ అను పేరుపొందిన ఆటగాడు లండనులోని ఒక కాసినోలో, ముక్కల వెనుక వైపు అంచులలోని చిన్న తేడాలను గుర్తుపట్టెను. అది తన నమ్మకమని చెప్పి, కొన్ని ముక్కలను తిప్పి పెట్టునట్లు పంచు స్త్రీని ఒప్పించెను. ఆ విధముగా 77 లక్షల పౌండ్లు గెలిచెను. కాసినో ఆ డబ్బు ఇయ్యలేదు. తాను చేసినది నేర్పే గాని మోసము కాదని ఆయన నిజముగానే నమ్మెను. అయినను 2017 లో అక్కడి సుప్రీంకోర్టు అది మోసమేనని తీర్పు చెప్పినది. నేను మోసగాడను కానని నాకు తోచినంత మాత్రమున చాలదు. చేసిన పనిని నిజాయితీగల సామాన్య జనులు ఏమందురో అదియే కొలబద్ద అని ఆ తీర్పు సారాంశము.

మన ఊరి చాప మీద ఆ కొలబద్ద మరింత దగ్గరిది. కాసినోలో ఓడునది సంస్థ. ఇక్కడ ఓడువాడు మన పక్క ఇంటివాడు. రమ్మీలో ఎదుటివాడు ఏ ముక్క కొరకు కాచుకొన్నాడో తొంగి చూచినవాడు ఆ ముక్కను వదలడు. పాపము, ఎదుటివాడు అది వచ్చునని ఎదురుచూచుచు ఎనుబది పాయింట్లు మీద వేసుకొనును. ఆ డబ్బు ఎక్కడిది? కోరుట్లలో భార్య బీడీలు చుట్టి తెచ్చినది కావచ్చును. దుబాయిలో కొడుకు ఎండలో పని చేసి పంపినది కావచ్చును. గెలిచినవాని జేబులోనికి వచ్చిన ప్రతి రూపాయియు మరొక ఇంటి బియ్యపు డబ్బాలోనుండి వచ్చినదే. ఆడించువాడు తన వాటా ముందే తీసికొనును గనుక, అందరును కలిసి తెచ్చినంత డబ్బు అందరును కలిసి తిరిగి తీసికొనిపోవుట ఎన్నడును జరుగదు.

వడ్ల కొనుగోలు కేంద్రములో తరుగు పేరిట బస్తాకు రెండు కిలోలు కోసిన యెడల మనకెంత కోపము వచ్చును! కాంటా దగ్గర నిలబడి ముల్లును రెప్ప వేయక చూతుము. కొనుటకొక రాయి, అమ్ముటకొక రాయి దాచుకొనువానిని దేవుడు అసహ్యించుకొనునని ద్వితీయోపదేశకాండము ఇరువది అయిదవ అధ్యాయములో చదువుచున్నాము. పక్కవాడు తన ముక్కలు తాను మాత్రమే చూచుచున్నాననుకొని పందెము పెట్టగా, నీవు కూడ చూచుచున్న యెడల, నీ సంచిలో రెండవ రాయి ఉన్నట్టే.

అయితే కనబడినప్పుడు ఏమి చేయవలెను? దీనికి జవాబు మన పెద్దలకు ఎన్నడో తెలియును. పందెము లేకుండ పొద్దుపోక కొరకు ఆడునప్పుడు, ఎదుటివాని ముక్కలు కనబడిన యెడల మంచివాడు ఏమనును? "నీ పత్తాలు కనబడుతున్నయి, దగ్గరికి పట్టుకో" అనును. ఆ ఒక్క మాట చాలును. లెక్క పెట్టుచున్నానని పైకి చెప్పినను లెక్క చెడదు. చూచితినని పైకి చెప్పిన మరుక్షణమే చూపు విలువ పోవును. పైకి చెప్పిన యెడల పోవు లాభము, దాచుటవలననే వచ్చిన లాభము. తెలివికిని మోసమునకును మధ్య గీత ఇదియే. పేకాటలోనే కాదు, భూమి బేరములోను, పెండ్లి మాటలలోను ఈ గీత పనికివచ్చును.

ఫోనులో ఆడువారికి ఒక మాట. అక్కడ చాల ఆటలలో యంత్రము ప్రతి ఆటకు ముక్కలను క్రొత్తగా కలుపును గనుక, బ్లాక్‌జాక్ లెక్కకు అర్థమే లేదు. తొంగి చూచుటకు ముక్కయు లేదు. కాని ఇద్దరు స్నేహితులు ఒకే బల్ల మీద చేరి, తమ ముక్కలు ఒకరికొకరు చెప్పుకొని మూడవవానిని దోచుకొనవచ్చును. ఆ మూడవవాడు నీవే కావచ్చును. ఎదుటివాని ముక్కలు చూపించు యాప్ ఇచ్చెదనని డబ్బు అడుగువాడు నిన్నే తొంగి చూచుచున్నాడు.

చట్టము కూడ మారినది. రమ్మీలో నేర్పు ఉన్నను డబ్బు పెట్టి ఆడుట జూదమేనని తెలంగాణ 2017 లో చట్టమును సవరించినది. డబ్బుతో ఆడించు ఆన్‌లైన్ ఆటలను, నేర్పు ఆటలైనను సరే, నిషేధించుచు 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టము చేసినది. ఈ కేంద్ర చట్టములో శిక్ష ఆడించువారికి, ప్రకటనలు చేయువారికి, డబ్బు చెల్లింపులు నడుపువారికి గాని ఆడి నష్టపోయినవానికి కాదు. గనుక ఆన్‌లైన్‌లో మోసపోయిన కుటుంబము భయపడి దాచుకొనక, వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను. అప్పుల దిగులుతో నిద్ర పట్టనివారు, బ్రదుకు మీద విరక్తి కలిగినవారు 14416 అను టెలీ మానస్ నంబరుతో తెలుగులోనే మాటలాడవచ్చును. అప్పు తీర్చుటకు దారులున్నవి. పోయిన మనిషిని తెచ్చుకొను దారి లేదు.

తల్లులారా, భార్యలారా, భర్త గాని కొడుకు గాని ఆటలో పోగొట్టుకొన్నానని నోరు తెరచి చెప్పిన రోజున, దయచేసి మొదట వినుడి. ఆ రాత్రి తిట్లు తిన్నవాడు రెండవసారి చెప్పడు. దాచిన అప్పునకు వడ్డీ మాత్రము పెరుగును. మరుసటి దినము ఇద్దరును కూర్చుండి, ఎవరికెంత ఇయ్యవలెనో కాగితము మీద వ్రాయుడి. పోయినది తిరిగి గెలుచుకొనుటకు ఒక్క రూపాయి కూడ ఇయ్యకుడి. సహోదరులారా, ఇంటిలో పైకి చెప్పలేని పైసా జేబులో ఉన్న యెడల, అది గెలిచినదైనను ఓడినదైనను, ఈ రాత్రియే చెప్పివేయుడి. లెక్కలో అంత నేర్పున్నవారు, మొదట ఇంటి లెక్కను ఇంటివారి యెదుట పరచుడి.