చుట్టపు చూపు

శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలంలోని తేలినీలాపురానికి ఏటేటా వచ్చే చుట్టాలు రెండు తెగలవారు. మొదటివారు సెప్టెంబరు, అక్టోబరు నెలలలో ఆకాశమార్గాన వచ్చి, చింతచెట్ల మీద దిగి, పిల్లలను పెంచుకొని, మార్చి, ఏప్రిల్ నాటికి మరలిపోతారు. రెండవవారు ఆ మొదటివారిని చూడడానికి రోడ్డు మీద వచ్చి, గంటో రెండు గంటలో నిలిచి, ఛాయాచిత్రాలు తీసుకొని పోతారు. మొదటి తెగకు మర్యాద చేయడం ఆ గ్రామానికి తరతరాలుగా తెలిసిన విద్య. రెండవ తెగకు బస ఎక్కడ, ఏ రీతిని ఏర్పరచవలెనన్నది ఇంకా తేలవలసిన విషయం.

గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ అక్కడి ముఖ్యమైన పక్షులు. గూడబాతు పేరు వినగానే పొలానికి నీరు తోడే గూడ రైతుబిడ్డ తలపునకు వస్తుంది. ముక్కు కింద వ్రేలాడే దాని సంచి పనిచేసే తీరు కూడా అటువంటిదే. నాలుగు మొదలు ఆరు కిలోల బరువుండే ఈ పక్షి చెట్టుకొమ్మ మీద పుల్లలతో గూడు కట్టి, సాధారణంగా మూడు గుడ్లు పెట్టి, సుమారు నెలరోజులు పొదుగుతుంది. పిల్లలు రెక్కలు ముదిరి గూడు విడవడానికి మరి మూడు నాలుగు నెలలు కావలెను. ఎర్రకాళ్ల కొంగ వేట చూడదగినది. తెరచిన ముక్కును లోతులేని నీటిలో ముంచి, అటూ ఇటూ ఆడిస్తూ మెల్లగా నడుస్తుంది. చేప తగిలిన క్షణాన ముక్కు మూసుకొంటుంది. కంటితో పనిలేదు, స్పర్శ చాలును.

ఈ పక్షులు సైబీరియా నుంచి వస్తవని గ్రామస్థులు చెబుతారు, పత్రికలు వ్రాస్తవి, తరగతి గదులలో కూడా ఆ మాట వినవస్తుంది. ఇది సరిదిద్దవలసిన పొరపాటు. గూడబాతు గాని, ఎర్రకాళ్ల కొంగ గాని సైబీరియాలో ఉండవు. అవి దక్షిణాసియా పక్షులు. నీరు, మేత, చెట్టు మూడూ ఒకచోట దొరికినప్పుడు అక్కడ చేరి గూళ్లు కడతవి. ఉత్తరాది చలికి వెరచి వచ్చే నిజమైన వలస పక్షులు మన దేశంలో శీతకాలం గడుపుకొని పోతవే కాని, సాధారణంగా ఇక్కడ గుడ్లు పెట్టవు. ఈ సంగతి తెలిసినందువల్ల తేలినీలాపురం గొప్ప తగ్గదు, పెరుగుతుంది. వేల మైళ్ల దూరాన పుట్టిన పక్షి ఇక్కడ తలదాచుకొన్నదనడం కంటె, ఈ నేల బిడ్డయే పురిటికి ఈ ఊరిని ఎంచుకొన్నదనడం పెద్ద మాట గదా! గ్రామస్థుల భావన కూడా ఇదే. పక్షులను వారు పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలుగా చూస్తారు. అతిథి అనగా తిథి చెప్పకుండా వచ్చేవాడు. వీటి తిథి ఊరంతటికీ తెలుసు. కనుక ఇవి అతిథులు కావు, ఆడపడుచులు.

ఆడపడుచుకు పురుడు పోయడం ఖర్చులేని పని కాదు. ఇళ్ల వెనుక, వీధుల పక్క నున్న చెట్ల మీదనే గూళ్లు. కింద రెట్ట, పెంకుల మీద రెట్ట, గాలి తిరిగితే చేపల కంపు, వేకువ జామునుండి పిల్లల అరుపులు. పైగా చింతకాయ పండే నెలలూ, పిల్లలు గూటిలో ఉండే నెలలూ ఇంచుమించు ఒకటే. కొమ్మ దులిపితే పండు రాలుతుంది, దానితో గూడూ రాలుతుంది. రెండిటిలో ఏది కావలెనో ఆ ఊరి గృహస్థు ప్రతి సంవత్సరం నిర్ణయించుకొనవలసిందే. పక్షులు ఇంకా వస్తున్నవంటే అతని నిర్ణయం ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక రెండవ తెగ సంగతి. అటవీశాఖవారు పరిశీలనకై ఒక గోపురం కట్టించినారు. చూడ వచ్చినవారు ఒక రాత్రి అక్కడనే గడపాలని కోరుకొనడం సహజం. గూడబాతుల గుంపు వేకువన మేతకు లేవడం మధ్యాహ్నపు బస్సులో వచ్చినవారికి కనబడదు గదా. సౌకర్యాలన్నీ గల హోటలు కట్టడం ఒక దారి. నాలుగు పాకలు వేసి, ఊరి భోజనం పెట్టి, తక్కువ దీపాలతో, తక్కువ నీటితో బస ఇవ్వడం మరొక దారి. ఈ రెండవ దారిని ఇతర దేశాలవారు నడిచి చూచినారు.

ఆఫ్రికా ఖండంలోని ఉగాండా దేశపు నైరుతి మూలన, కబాలె పట్టణ సమీపంలో బున్యోన్యి అనే సరస్సు ఉన్నది. ఆ పేరునకు చిన్ని పక్షులు మెండుగా ఉండే చోటని అర్థం. సముద్రమట్టానికి సుమారు 1,950 మీటర్ల ఎత్తున, మెట్లు మెట్లుగా సేద్యం చేసిన కొండల నడుమ, 29 దీవులతో ఆ జలాశయం వ్యాపించి ఉన్నది. దీవులలో కొన్నిటి మీద యాత్రికుల విడుదులు ఉన్నవి. ఇసుక ఇటుక మేడలు కావవి. గుడారాలు, గడ్డి కప్పిన పాకలు. రాత్రి సౌరదీపం, కొద్దిపాటి వేడినీరు, మలాన్ని ఎరువుగా మార్చే పొడి మరుగుదొడ్డి, ఆ సరస్సులోనే పట్టిన రొయ్యజాతి క్రేఫిష్‌తో భోజనం. మానును తొలిచిన దోనెలో తెడ్డు వేసుకొంటూ దీవికి చేరవలెను. ఆ తెడ్డు పట్టడం తెలియని కొత్తవారి దోనె నీటిమీద గిరగిర తిరగడం అక్కడి పిల్లలకు నిత్యవినోదం! బుషారా దీవిలోని విడిది పరిసర గ్రామాల అభివృద్ధికి ఆదాయం సమకూర్చే ఉద్దేశంతో ఏర్పడినది. దీవిలో నిద్రించిన యాత్రికుని రొక్కం గట్టుమీది గ్రామానికి చేరడం అక్కడి ఏర్పాటులో గ్రహింపదగిన అంశం.

అయితే ఆ సరస్సును స్వర్గమని వర్ణించేవారు రెండు దీవుల కథ మరువరాదు. బ్వామా దీవిలో 1931లో లెనార్డ్ షార్ప్ అనే ఆంగ్ల వైద్యుడు కుష్ఠురోగుల కొరకు ఆశ్రమం నెలకొల్పినాడు. రోగులు పోయినారు, నేడు ఆ దీవిలో పాఠశాలలు ఉన్నవి, పిల్లలు దోనెలలో బడికి పోతారు. రెండవది అకాంపెనే, కొంచెం గడ్డి, ఒక చెట్టు తప్ప మరేమీ లేని తిప్ప. వివాహం కాకుండా గర్భం దాల్చిన ఆడపిల్లలను ఇరవయ్యవ శతాబ్ది పూర్వార్ధం దాకా బకీగా జాతివారు ఆ తిప్ప మీద దించిపోయేవారు. ఈత రానివారు ఆకలికో నీటికో బలియైనారు. కన్యాశుల్కం కింద ఆవులను ఇచ్చుకోలేని పేద యువకుడు ఎవడైనా దోనె వేసుకొని వచ్చి తీసికొనిపోతే బ్రతికినారు. కన్యాశుల్కం అనే మాట విజయనగరం ప్రాంతపు పాఠకులకు వివరింప పనిలేదు. పురిటికి వచ్చిన పక్షిని ఆడపిల్లగా చూచుకొనే ఊరు ఒకచోట, కడుపుతో ఉన్న ఆడపిల్లను పక్షులకు వదలిన తిప్ప మరొకచోట. యాత్రికునికి రెండూ అందమైన దృశ్యాలే. గట్టుమీదివారి నోట విననిదే ఏది ఏమిటో తెలియదు. గట్టుమీదివారితో కలిసి భోజనం చేయనిదే వారు చెప్పరు. పాక బసకు గల అసలు ప్రయోజనం ఇది. కరెంటు ఆదా అయ్యేది తరువాతి మాట.

తేలినీలాపురంలో పాకలు వేయడం కష్టం కాదు. కష్టమంతా పక్షుల కంచం నిండుగా ఉంచడంలో ఉన్నది. గూళ్లు ఊరిలో ఉన్నవి. మేత మాత్రం నౌపడ వైపు ఉప్పుమళ్లు, తంపర భూములు, చెరువులలో ఉన్నది. తంపరను బంజరు నేలగా లెక్కవేసే అలవాటు కాగితాలు వ్రాసేవారికి చాలాకాలంగా ఉన్నది. సోంపేట బీల భూములలో థర్మల్ విద్యుత్కేంద్రం వద్దని ఎదురు నిలిచినవారి మీద 2010 జూలై 14న కాల్పులు జరిగి ప్రాణాలు పోయినవి. సంతబొమ్మాళి మండలంలోని కాకరాపల్లి తంపర విషయమై 2011 ఫిబ్రవరిలో మళ్లీ అదే జరిగినది. చేపకు, గడ్డికి, రెండవ పంట నీటికి ఆ తేమనేలను నమ్ముకొన్నవారు ఇచ్చిన ప్రాణాలవి. గూడబాతు కడుపు నిండేదీ అటువంటి నేల మీదనే.

2021 డిసెంబరు చివర మొదలుకొని కొద్ది వారాలలో తేలినీలాపురంలో వందకు పైగా గూడబాతులు చెట్ల మీదనుంచి రాలిపడి చనిపోయినవి. చేపల వెంట కడుపులోకి పోయే నులిపురుగు జాతి పరాన్నజీవి అందుకు కారణమని పరీక్షలలో తేలినది. మేత నీరు చెడితే చెట్టు ఎంత పదిలంగా ఉన్నా ప్రయోజనం లేదని ఆ చలికాలం చూపినది. అంతకుముందు, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానంలో కొబ్బరితోటలను నేలకూల్చినది. ఒక చెట్టు ఎదగడానికి ఎన్నేళ్లు పడుతుందో ఉద్దానపు రైతును అడిగితే చెబుతాడు. గూటికి పనికివచ్చే చింత ఎదగడానికి అంతకంటె ఎక్కువ కాలమే పడుతుంది.

గూళ్ల ఊరు శాశ్వతమని అనుకొనరాదు. బర్మాలో సిత్తాంగ్ నదీతీరాన ఆకాశం మూసుకొనేటంత గూడబాతుల సమూహాన్ని 1877లో యూజీన్ ఓట్స్ చూచినాడు; 1940 నాటికి అది లేదు. పశ్చిమగోదావరిలో ఆరేడు గ్రామపు కాలనీని 1946లో లోకానికి తెలియజేసినవాడు, తరువాత ఆంగ్లోపన్యాసకుడుగా, 1958లో మలయాళంలో కేరళ పక్షుల గ్రంథం వెలువరించిన కర్తగా పేరొందిన కె.కె. నీలకంఠన్. మూడు దశాబ్దాలు నిండకమునుపే ఆరేడు చెట్లు ఖాళీ అయినవి. నేడు ఆ పేరు పక్షిశాస్త్ర గ్రంథాలలో మిగిలి ఉన్నది.

విజయనగరం జిల్లాలో గోస్తని నదిపై 1963 మొదలు 1968 వరకు నిర్మించిన తాటిపూడి జలాశయానికి కూడా పడవలెక్కడానికి జనం పోతున్నారు. ఆ నీరు విశాఖపట్నం ప్రజలు త్రాగే నీరు. ఆ గట్టున బస చేసేవాడు పారేసిన మురికి ఏ గొంతులోకి దిగుతుందో చెప్పడానికి శాస్త్రజ్ఞుడు అక్కరలేదు.

తేలినీలాపురంలో బస ఏర్పరచదలచినవారు దానిని గూళ్ల చెట్లకు దూరంగా, పొలిమేర దగ్గర ఏర్పరచవలెను. చీకటి పడిన తరువాత వెలుగు చెట్లవైపు పోరాదు. పాక అద్దెలో కొంత, ఎవరి పెరటి చెట్టు మీద గూళ్లున్నవో వారికి చెందవలెను. చింతపండు నష్టపోయినవాడు అతడు గదా. నియమాలు వ్రాసేది పట్టణంలోని కార్యాలయం కాక గ్రామమే కావడం న్యాయం. ఉపాధ్యాయులు పిల్లలను తీసుకొని వచ్చేటట్లయితే జనవరి మేలు: గుడ్లు పగిలి పిల్లలు పెద్దవై, తల్లి సంచిలో తల దూర్చి మేత తినే రోజులవి. సైబీరియా మాట అప్పుడే సరిదిద్దవచ్చును.

ఏప్రిల్‌లో వచ్చినవారికి ఏమీ కనబడదు. సున్నం కొట్టినట్లు తెల్లబడిన కొమ్మలు, జారిపోతున్న పుల్లల గూళ్లు, చెట్ల కింద ఊడుస్తున్న ఆడవారు. చిటారు కొమ్మన ఇంకా ఎగరలేని పిల్ల ఒకటి మిగిలి ఉంటే, అది ఎగిరేదాకా ఆ చెట్టు కింది చింతపండు ఎవరూ దులపరు.