నడుముకు వేలాడే తల

క్రేటోస్ నడుముకు ఒక తెగిన తల వేలాడుతుంటుంది. అది ఊరుకోదు, పడవ తెడ్డు వేస్తున్నంతసేపూ దేవతల గుట్టు విప్పుతూనే ఉంటుంది. క్రేటోస్ కథానాయకుడిగా 2018లో వచ్చిన ‘గాడ్ ఆఫ్ వార్’ వీడియో ఆటలో ఆ తల పేరు మిమిర్. నార్స్ పురాణంలో వానిర్ దేవతలు నరికి పంపిన మిమిర్ తలను దేవతల పెద్ద ఓడిన్ మూలికలతో కాపాడుకుని సలహాలు అడుగుతాడు. ఆటలోనేమో అదే ఓడిన్ అతణ్ణి చెట్టులో బంధిస్తాడు. ఈ ఒక్క మార్పుతో ఓడిన్ క్రూరుడైపోయాడు.

కథను మార్చారని విసుక్కునేవాళ్లతో నాకు పేచీ. 13వ శతాబ్దంలో ఈ కథలను గ్రంథస్థం చేసిన ఐస్‌లాండ్ పండితుడు స్నోరి స్టుర్లుసన్ క్రైస్తవుడే. తాను కొలవని దేవుళ్ల కథలే చెప్పాడాయన; ఆట చేసిందీ అదే.

ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చింది సరస్సు. అందులోని మహాసర్పం కదిలితే నీటిమట్టం దిగి, మునిగిన కట్టడాలూ దారులూ బయటపడతాయి. పురాణంలోని పామును ఇంత తెలివిగా వాడుకున్నవాళ్లు తక్కువ.

దాని కొనసాగింపుగా 2022లో వచ్చిన ‘రాగ్నరోక్’లో ఉరుముల దేవుడు థోర్‌కు బానపొట్ట పెడితే కొందరు గొడవపడ్డారు. పురాణంలో ఒక్క విందులోనే ఎద్దునూ ఎనిమిది సాల్మన్ చేపలనూ మింగినవాడికి పొట్ట ఉండదా మరి!

ఈ సంచిక వ్యాసాలన్నీ ఆటల్లోని కథల మీదే. క్రేటోస్ కొడుకు అసలు పేరు మాత్రం ఎక్కడా బయటపెట్టవద్దని రచయితలకు ముందే చెప్పాను. ఇంకా ఆడనివాళ్లున్నారు.