రాయి గట్టిదే, కొండ సంగతేంటి?

2025 ఫిబ్రవరి 22న తెలంగాణలోని దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమ గట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కూలింది. దాదాపు 14 కిలోమీటర్ల లోపల నీళ్లు, బురద ఒక్కసారిగా విరుచుకుపడి ఎనిమిది మందిని కమ్మేశాయి. వారాల తరబడి గాలిస్తే దొరికినవి రెండు మృతదేహాలే. ఆ తర్వాత చర్చంతా పాత ప్రభుత్వం, కొత్త ప్రభుత్వం చుట్టూనే తిరిగింది. నల్లమల కొండ లోపల రాయి ఎలా ఉందన్న ప్రశ్న మాత్రం పక్కకు పోయింది.

దానికి జవాబు వెతికే శాస్త్రం రాక్ మెకానిక్స్. మంచి గ్రానైట్ ముక్కను ల్యాబులో నొక్కితే చదరపు సెంటీమీటరుకు టన్ను బరువు మోస్తుంది. కొండ ఒకే ముక్క కాదే! పగుళ్లు, పొరలు, మధ్యలో మెత్తటి మట్టి, సందుల్లో ఒత్తిడితో నిలిచిన నీరు. సొరంగాలను ఎక్కువగా కూల్చేవి ఇవే.

వీటిని ముందే పసిగట్టడానికి డ్రిల్లింగ్ చేసి, వచ్చిన రాతి కడ్డీలను పెట్టెలో వరసగా పేరుస్తారు. మీటరు డ్రిల్ చేస్తే 30, 22, 15 సెంటీమీటర్ల ముక్కలు మూడు వచ్చి, మిగతాదంతా పొడిపొడిగా రాలిందనుకుందాం. పది సెంటీమీటర్లు దాటినవే కూడాలి: 67 శాతం. డాన్ డీర్ 1960లలో చెప్పిన ఈ ఆర్‌క్యూడీ (రాతి నాణ్యత సూచిక) లెక్కకు కొలత టేపు చాలు. ఎక్కడ ఎంత సపోర్టు కావాలో తేల్చడానికి ఇప్పటికీ ఇదొక ఆధారం. అసలు ముక్కే రాని ఖాళీ కనిపిస్తే అనుభవమున్న జియాలజిస్టు అక్కడ ఆగి చూస్తాడు. మెత్తటి పొర డ్రిల్లింగ్ నీళ్లలో కొట్టుకుపోయి ఉండొచ్చు.

రాయి మోసం చేస్తే సొరంగాలే కాదు, ఆనకట్టలూ కూలతాయి. 1959 డిసెంబరు 2న ఫ్రాన్స్‌లో మల్‌పాసే ఆనకట్ట తెగి 400 మందికి పైగా చనిపోయారు. కాంక్రీటు బాగానే ఉంది, ఎడమ గట్టు కింది రాయి కదిలింది. మూడేళ్లకు సాల్జ్‌బర్గ్‌లో లియోపోల్డ్ ముల్లర్ చొరవతో రాక్ మెకానిక్స్ అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. మనకూ 1988లో కోలార్ బంగారు గనుల దగ్గర ఇదే శాస్త్రానికి జాతీయ సంస్థ వచ్చింది. అయినా చాలా ఇంజినీరింగ్ కాలేజీల్లో సివిల్ విద్యార్థికి ఈ సబ్జెక్టు ఇష్టముంటేనే తీసుకునే పేపరు. శ్రీశైలం, నాగార్జునసాగర్ కట్టుకున్న నేల మీద ఇది సిగ్గుపడాల్సిన సంగతే.

నల్లమలలో పైనుంచి బోర్లు వేయడానికి పులుల అడవి అడ్డమన్నది నిజమే. అలాంటి చోట లోపలి నుంచే, తవ్వే ముఖానికి ముందుగా ప్రోబ్ రంధ్రాలు వేసి చూడాలి. పని ఆగినా, బిల్లు ఆలస్యమైనా సరే. ప్రమాదం నాటికి ఎస్‌ఎల్‌బీసీలో ఇంకా తొమ్మిది కిలోమీటర్లకు పైగా తవ్వాల్సి ఉంది. మిగతాది తవ్వే ముందు రాతి పరీక్షల నివేదికలను ప్రభుత్వం జనం ముందు పెట్టాలి. పని ఆపించే అధికారాన్ని సైటులోని జియాలజిస్టుకు రాతపూర్వకంగా ఇవ్వాలి.