పీఎస్‌ఏ పక్కనున్న అంకెలు

కరోనా మనకు నేర్పిపోయిన మాటల్లో సీఆర్‌పీ ఒకటి. 2021 వేసవిలో ఏ ఇంట్లో విన్నా అదే. ‘బాబాయికి ఎనభై దాటిందట’, ‘మావాడికి ఐదే వచ్చింది, గండం గడిచినట్టే’ అని ఫోన్లలో చెప్పుకున్నాం. ఆ గోల సద్దుమణిగింది. ఆ అంకెకు ఇంకో చోట కూడా పనుందని మాత్రం చాలామందికి తెలీదు. ముదిరిన ప్రొస్టేట్ క్యాన్సర్‌తో ఉన్న పెద్దాయన ఫైల్లో!

పొన్నూరు చుట్టుపక్కల వరిచేలల్లో వంగి, తమలపాకు తోటల్లో నిచ్చెనెక్కి బతికిన మనిషికి నడుంనొప్పి ఒక జబ్బు కిందే లెక్క కాదు. రాత్రి నాలుగుసార్లు లేచినా ‘వయసు మీదపడింది కదా’ అని సరిపెట్టుకుంటాడు. ముందు ఆర్‌ఎంపీ ఇచ్చిన నొప్పిబిళ్లలు, తర్వాత ఎముకల డాక్టరు. ఆఖరికి ఎవరో పీఎస్‌ఏ రాస్తారు. సాధారణంగా నాలుగు లోపు ఉండాల్సింది వందల్లో వస్తుంది. స్కాన్‌లో వెన్నెముక నిండా మచ్చలు. ఇక అక్కణ్నుంచి ఇంటిల్లిపాది చూపూ ఆ పీఎస్‌ఏ మీదే. తగ్గితే పండగ, పెరిగితే ఆ పూట ఎవరికీ అన్నం సహించదు.

కానీ పీఎస్‌ఏ అంతా ఒకేలా ఉన్న ఇద్దరిలో ఒకాయన ఏళ్ల తరబడి నెట్టుకొస్తే, ఇంకొకాయన నెలల్లోనే నీరసించిపోవడం డాక్టర్లు చూస్తూనే ఉంటారు. ఎందుకిలా? పీఎస్‌ఏ కబురంతా ప్రొస్టేట్ కణాల గురించే. ఆ కణితికి ఒళ్లు ఎలా స్పందిస్తోందో అది చెప్పదు. అది చెప్పేవి పక్క కాగితంలో, ఎవరూ పట్టించుకోని మామూలు రక్తపరీక్షలో ఉంటాయి.

కణితుల్లో తెల్లరక్తకణాలు గుమిగూడి ఉండటాన్ని జర్మనీ శాస్త్రవేత్త విర్కో 1863లోనే గమనించాడు. దెబ్బ తగిలినప్పుడు, సూక్ష్మజీవి చొరబడినప్పుడు ఒంట్లో రేగే వాపు ప్రక్రియే క్యాన్సర్ చుట్టూనూ రేగుతుంది. తేడా ఒక్కటే. గాయం మానితే వాపు చల్లారుతుంది. ఇక్కడ మానడమనేది లేదు, కాబట్టి కుంపటి రగులుతూనే ఉంటుంది. ఆ సెగ తగిలిన కాలేయం తయారుచేసే ప్రొటీనే సీఆర్‌పీ. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో న్యుమోనియా రోగుల రక్తంలో దొరికింది. అదే కాలేయం వాపు వేళ ఆల్బుమిన్ తయారీని తగ్గించేస్తుంది. అందుకే సీఆర్‌పీ ఎక్కి, ఆల్బుమిన్ దిగిందంటే డాక్టరు కనుబొమలు ముడిపడతాయి.

ఇంకో లెక్కకు కాలేయంతోనూ పనిలేదు, ఖరీదైన పరీక్షా అక్కర్లేదు. మన ఊరి ల్యాబ్ ఇచ్చే బ్లడ్ కౌంట్ కాగితం తీయండి. న్యూట్రోఫిల్స్ ఒక గడిలో, లింఫోసైట్స్ ఒక గడిలో ఉంటాయి. కొన్ని ల్యాబుల్లో మొదటి దాన్ని పాలీమార్ఫ్స్ అంటారు. మొదటిది అరవై, రెండోది ముప్ఫై ఉంటే భాగిస్తే రెండు. డెబ్బై రెండు, పద్దెనిమిది ఉంటే నాలుగు. దీన్నే ఎన్‌ఎల్‌ఆర్ అంటున్నారు. రకరకాల క్యాన్సర్ల మీద వచ్చిన 100 అధ్యయనాలను, నలభై వేలకు పైగా రోగుల వివరాలను కలిపి 2014లో చూస్తే, ఈ నిష్పత్తి ఎక్కువున్నవారికి మరణం ముప్పు సుమారు 1.8 రెట్లుగా తేలింది. ముదిరిన ప్రొస్టేట్ క్యాన్సర్‌కు డోసిటాక్సెల్ కీమో తీసుకున్నవారి రికార్డులూ అదే దారిలో ఉన్నాయి.

కారణం ఆలోచిస్తే ఆశ్చర్యమేస్తుంది. లింఫోసైట్లు కణితితో పోరాడే సైన్యం. న్యూట్రోఫిల్ జాతి కణాలు కూడా ఒంటి కాపలాదార్లే. కానీ వాటిలో కొన్నిటిని కణితి మచ్చిక చేసుకుంటుంది. అవి దాని పెరుగుదలకు సాయపడుతూ, పోరాడేవాటి చేతులు కట్టేస్తాయి. కాపలావాడే దొంగకు తలుపు తీసినట్టు! ఆ తలుపు మూయొచ్చా అని బ్రిటన్‌లో ప్రయత్నించారు. ఈ కణాలు కణితిలోకి వెళ్లకుండా అడ్డుకునే మందును ఎంజలుటమైడ్‌తో కలిపి ఇచ్చారు. ఫలితం తేల్చగలిగిన 21 మందిలో ఐదుగురికి పనిచేసిందని 2023లో నేచర్ పత్రికలో వచ్చింది. చిన్న ప్రయోగమే, ఇంకా బజార్లోకి వచ్చే మందు కాదు.

‘అయితే సీఆర్‌పీ తగ్గించేస్తే సరి’ అని పసుపు కషాయాలు అమ్మేవాళ్లు ఈపాటికి సిద్ధమై ఉంటారు. ఆగండి. వాపును ఎగదోసే ఒక రసాయనాన్ని అడ్డుకునే సిల్టుక్సిమాబ్ అనే మందును కీమోకు జోడించి చూశారు. సీఆర్‌పీ చక్కగా దిగింది. రోగుల పరిస్థితి మెరుగైనట్టు మాత్రం తేలలేదు. 2012లో వెలువడిన ఫలితం ఇది. థర్మామీటర్‌ను చన్నీళ్లలో ముంచితే పాదరసం దిగుతుంది, జ్వరం దిగుతుందా?

పైగా ఈ అంకెలు అమాయకమైనవి. ఎవరు పిలిచినా పలుకుతాయి. మూత్రం గొట్టం వల్ల ఇన్‌ఫెక్షన్ వచ్చినా, పంటి చిగురు వాచినా సీఆర్‌పీ ఎగురుతుంది. అబిరాటెరోన్‌తో పాటు వేసుకునే ప్రెడ్నిసొలోన్ బిళ్ల న్యూట్రోఫిల్స్‌ను పెంచి, లింఫోసైట్స్‌ను దించుతుంది. అంటే మందు వల్లే ఎన్‌ఎల్‌ఆర్ పెరగొచ్చు! ఒక్క కాగితం చూసి గుండెలు బాదుకోవడం తప్పని అందుకే అంటున్నాను. అంచనా వేసే డాక్టర్లు కూడా హిమోగ్లోబిన్, ఆల్బుమిన్, ఎల్‌డీహెచ్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, జబ్బు పాకిన చోటు, నొప్పికి మార్ఫిన్‌లాంటివి వాడాల్సి వస్తోందా, మనిషి తన పని తాను చేసుకుంటున్నాడా... ఇన్నీ కలిపి చూస్తారు. అలా చూసినా తేలేది అలాంటి వందమంది సగటు. మీ నాన్నగారి తేదీ కాదు.

మరి ఎందుకీ లెక్క? డోసిటాక్సెల్ అంటే మూడు వారాలకోసారి గుంటూరో మంగళగిరో వెళ్లాలి. ఆ ప్రయాణాలను ఒళ్లు తట్టుకుంటుందా, లేక నొప్పి తగ్గించి ఇంట్లో ఉంచడమే మేలా అని తేల్చుకోవాలి. కార్తీకంలో పెట్టుకున్న మనవరాలి పెళ్లి శ్రావణానికి జరపాలా, చెల్లెలి వాటా పొలం రాతకోతలు ఇప్పుడే ముగించాలా అన్నవి కూడా ఇలాంటి ఇళ్లల్లో నిజమైన ప్రశ్నలే. అవి పెద్దాయన ప్రశ్నలు. మన దగ్గర ఆయన్ను వరండాలో కూర్చోబెట్టి, లోపల కొడుకూ అల్లుడూ డాక్టరుతో గుసగుసలాడతారు. ‘ఆయనకు తెలిస్తే కుంగిపోతాడండీ’ అంటారు. నాకు ఇది సరిపడదు. ఏభై ఏళ్లు సేద్యం చేసి, ఆకాశం చూసి వాన చెప్పిన మనిషికి ఇంట్లోవాళ్ల మొహాలు చదవడం రాదా?

ఈసారి వెళ్లేటప్పుడు ఆఖరి రిపోర్టొక్కటే కాకుండా పాతవన్నీ తేదీల వారీగా పిన్ను చేసి తీసుకెళ్లండి. రక్తం తీసిననాటికి జ్వరముందా, ఏ బిళ్లలు వేసుకుంటున్నారో పక్కన రాయండి. నెలకోసారి బరువు కూడా రాయండి. డాక్టరు ఎదుట కుర్చీలో పెద్దాయనే కూర్చుంటారు, మీరు పక్కన నిలబడండి.