అల్మారాలో చెమ్మ, నోటిలో మాట

గుంటూరు నుంచి ఒక సోదరి లేఖ రాశారు. అద్దె ఇంటి పడకగదిలోని గోడ అల్మారాకు ఆవలి వైపు స్నానాల గది ఉంది. వర్షాకాలం వచ్చేసరికి అల్మారా లోపలి గోడ చెమర్చి, బురఖాల మీద, జానమాజ్ మీద నల్లని బూజు పట్టింది. చిన్నబాబుకు దగ్గు తగ్గడం లేదు. నెలాఖరుకు వారు ఇల్లు ఖాళీ చేస్తున్నారు. కొత్తవారు చేరిన తరువాతనే అడ్వాన్సు తిరిగి ఇస్తానని యజమాని అంటున్నాడు. ఇల్లు చూడవచ్చిన వారికి అల్మారా సంగతి చెప్పవద్దని కూడా కోరాడు. ఆ బట్టలతో నమాజ్ నెరవేరుతుందా, చూడవచ్చిన వారికి నిజం చెప్పడం గీబత్ అవుతుందా అని ఆమె సందేహం.

మొదటిదానికి జవాబు సులభం. బూజు తనంతట తాను నజాసత్ కాదు. దానివల్ల నమాజ్ చెడదు. గోడలో ఊరేది మరుగుదొడ్డి గొట్టపు నీరని తేలితే మాత్రం, అది తగిలిన బట్టను ఉతికి తీరాలి. అలాగని బూజు వాసనతో నమాజుకు నిలబడవచ్చని కాదు. అల్ ఆరాఫ్ సూరా 31వ ఆయతు ఆరాధన వేళ చక్కని వస్త్రధారణను ఆదేశిస్తోంది.

నీరు ఎక్కడిదో తెలుసుకోవాలంటే, గోడను పొడిగుడ్డతో తుడిచి, ఒక ప్లాస్టిక్ ముక్కను నాలుగు అంచులా టేపుతో అతికించి రెండు రోజులు ఉంచండి. గోడ వైపు తడి చేరితే చెమ్మ గోడలోనిది. పైవైపు చేరితే గదిలోని గాలిది. గాలిదైతే తలుపులు తెరచి ఉంచడం, బట్టలను గోడకు కాస్త ఎడంగా సర్దడం మేలు చేస్తాయి. గోడదైతే గొట్టమో, టైల్స్ సందులో బాగుచేయించవలసిందే. పైన రంగు వేస్తే బూజు కొన్నాళ్లు కనబడదు, అంతే. నాఫ్తలీన్ ఉండలు పురుగును ఆపుతాయి గాని బూజును కాదు. బాబును వేరే గదిలో పడుకోబెట్టండి. వైద్యునికి దగ్గుతోపాటు బూజు సంగతీ చెప్పండి.

ఇక రెండవ ప్రశ్న. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. దైవప్రవక్త (స) ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టగా వేళ్లకు తడి తగిలింది. వాన పడిందని వ్యాపారి విన్నవించుకున్నాడు. జనానికి కనబడేలా ఆ తడి ధాన్యాన్ని పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త (స) నిలదీశారు. మోసగించేవాడు తన వాడు కాడని హెచ్చరించారు. గమనించండి, వాన పడటం ఆ వ్యాపారి తప్పు కాదు. గొట్టం కారడం మీ యజమాని తప్పూ కాకపోవచ్చు.

నివాసానికి ఆటంకమయ్యే లోపాన్ని సరిచేయించడం యజమాని బాధ్యత అనీ, చేయించకపోతే అద్దెదారు ఇల్లు వదలి వెళ్లవచ్చనీ హనఫీ ఫిఖ్‌హ్ చెబుతుంది. వచ్చేవారికి ఈ హక్కు తెలిసేది లోపం తెలిసినప్పుడే కదా! సలహా అడిగినవారిని హెచ్చరించడాన్ని ఇమామ్ నవవీ (రహ్మ) గీబత్‌లో అనుమతి ఉన్న సందర్భాలలో చేర్చారు. కాబట్టి అడిగిన సోదరికి అల్మారా తెరచి చూపించండి. గోడ గురించి చెప్పండి, యజమాని గుణం గురించి వద్దు.

అడ్వాన్సు వేరే విషయం. అది ఆయన వద్ద ఉన్న మీ సొమ్ము. ఒప్పందంలో లేని షరతును ఆయన ఇప్పుడు చేర్చలేడు. మొండికేస్తే మొహల్లా పెద్దలను కూర్చోబెట్టండి. ఈలోగా గొట్టం బాగుచేయించమని మీ వారి ద్వారా ఈ వారమే అడిగించండి. తడిసిన గోడ ఆరడానికి వారాలు పడుతుంది.