నాంపల్లికిని కాచిగూడకును నడుమ

“ఊరంతయు చుట్టములే, ఉట్టి కట్టుటకు తావు లేదు” అన్నట్లున్నది పాతబస్తీ రైలు ప్రయాణికుని గతి. ఫలక్‌నుమా, ఉప్పుగూడ, యాకుత్‌పురా, దబీర్‌పురా స్టేషనులు అతని యింటి చెంతనే యున్నవి. అయినను నాంపల్లిలో బండి నెక్కవలసిన నాడు మూటముల్లెలతో ఆటోను వెదకుకొనవలసినదే. నాంపల్లికిని కాచిగూడకును నడుమ దూరము సుమారు నాలుగు కిలోమీటరులు. పట్టాలమీద పోవలెనన్న బేగంపేట, సికిందరాబాదు, సీతాఫల్‌మండి చుట్టి రావలెను.

ఈ వంకర త్రోవ దైవికము కాదు. సికిందరాబాదునకు 1874లో రైలు వచ్చినది. నాంపల్లి స్టేషను 1907లో, కాచిగూడ 1916లో వెలసినవి. అది బ్రాడ్‌గేజి, ఇది మీటరుగేజి. 1930లో నిజాము ప్రభుత్వము కొనునంతవరకు రైల్వే లండను కంపెనీ చేతిలో నుండెను. కంపెనీకి వలసినది లాభము. పురజనుల రాకపోకలు కావు. నేడు కంపెనీ లేదు, మీటరుగేజి లేదు. ఎడబాటు మాత్రము నిలిచియున్నది.

నాంపల్లిలో పట్టాలు ముగిసిపోవును. వచ్చిన బండి వచ్చిన దారినే మరలవలెను. కోఠీ, ఆబిడ్సుల క్రింద సొరంగము త్రవ్వి కాచిగూడతో కలిపినచో, వికారాబాదు బండి పాతబస్తీ మీదుగా మహబూబునగరునకు సాగిపోగలదు.

మెట్రో యున్నది గదా యందురు. అది నగరవాసి నిత్యప్రయాణమునకు మేలే. దూరపు బండిని ముందుకు నడపలేదు. వ్యయము మిక్కుట మందురు, నిజమే. బ్రస్సెల్సు నగరములో ఉత్తర దక్షిణ స్టేషనులను కలుపు పని 1911లో మొదలై, రెండు మహాయుద్ధములను దాటి 1952లో ముగిసినది. ఆలస్యమైనను వారు పని విడువలేదు.

సొరంగము రేపటి మాట. నేడు చేయదగిన దొకటి కలదు. మలక్‌పేటలో మెట్రో, ఎం.ఎం.టి.ఎస్. స్టేషనులు చేరువనే యున్నవి. రెంటికి ఒకే టిక్కెట్టు నిచ్చి, ఫలక్‌నుమా బండ్లను వేళ తప్పక, తరచుగా నడిపిన చాలును. ఎం.ఎం.టి.ఎస్. రెండవ దశ వ్యయములో రాష్ట్రమునకు రెండు పాళ్లు, రైల్వేకు ఒక పాలు. ఖర్చు పంచుకొన్నవారు బాధ్యతను గూడ పంచుకొనవలెను. మన శాసనసభ్యులను, పార్లమెంటు సభ్యులను ఈ సంగతి అడుగుట పౌరుల విధి.