బిల్ఖీస్ ఖుర్బానీ ఇవ్వలేదు, ఆమె దగ్గర లాక్కున్నారు

పోయిన నెల ఒక జల్సాలో తఖ్రీర్ విన్నాను. మౌలానా సాబ్ పేరు వద్దు, నాకు ఇజ్జత్ ఉన్న మనిషే. మాట మధ్యలో ఆయన ఒక కిస్సా చెప్పారు. అమెరికాలో ఒక బచ్చీ ఉందట. బాస్కెట్‌బాల్‌లో ఆమెను మించినవాళ్ళు లేరట. లక్షల డాలర్లు పిలుస్తుంటే వాటిని లాత్ మార్కే హిజాబ్‌ను ఎంచుకుందట. పందిరంతా "సుబ్‌హానల్లాహ్" అని మోగింది. నేనూ అన్నాను. మనం అబద్ధం ఆడకూడదు కదా, నాకూ కళ్ళు చెమర్చాయి.

పర్దా వెనక ఆడవాళ్ళ వైపు నా కూతురు వింటోంది. పద్నాలుగేళ్ళది, స్కూల్లో బాస్కెట్‌బాల్ ఆడుతుంది, దుపట్టా చుట్టుకునే ఆడుతుంది. ఇంటికి వస్తుంటే స్కూటర్ వెనక నుంచి అడిగింది: "అబ్బా, ఆమెకు రెండూ కావాలని ఉంటే?"

జవాబు నా దగ్గర లేదు. ఇంటికి వచ్చి చదివాను. చదివాక జల్సాలో నేను అన్న సుబ్‌హానల్లాహ్ మీద నాకే షర్మ్ వచ్చింది.

ఆ బచ్చీకి ఒక పేరు ఉంది: బిల్ఖీస్ అబ్దుల్ ఖాదిర్. పెరిగింది మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో. ఆ ఊరికి ఇంకో మషూర్ సంగతి ఉంది. 1891లో జేమ్స్ నైస్మిత్ అనే మాస్టారు చలికాలంలో పిల్లల్ని లోపల ఆడించడానికి బాస్కెట్‌బాల్‌ను కనిపెట్టింది అక్కడే. ఆట పుట్టిన ఊళ్ళో పెరిగిన అమ్మాయి తలకు గుడ్డ కట్టుకుని స్కూలు ఆటల్లో 3,070 పాయింట్లు కొట్టింది. ఆ రాష్ట్రంలో అప్పటిదాకా ఉన్న రికార్డు రెబెకా లోబోది. లోబో అంటే మామూలు మనిషి కాదు, ఒలింపిక్ బంగారు పతకం గెలిచిన క్రీడాకారిణి. బిల్ఖీస్ దాన్ని దాటింది ఒకటీ రెండూ పాయింట్లతో కాదు, మూడు వందలకు పైగా పాయింట్లతో. 2009లో వైట్‌హౌస్ ఇఫ్తార్‌లో ఒబామా ఆమెను నిలబెట్టి అందరి ముందూ తారీఫ్ చేశాడు. తర్వాత మెంఫిస్ యూనివర్సిటీకి, అక్కడి నుంచి ఇండియానా స్టేట్‌కు ఆడింది. అమెరికా కాలేజీ ఆటల్లో పై మెట్టు డివిజన్ వన్. అక్కడ హిజాబ్‌తో ఆడిన మొదటి అమ్మాయి ఆమే. ఏళ్ళపాటు అన్ని మ్యాచులు ఆడింది, ఆమె గుడ్డ వల్ల ఎవరి కన్నూ పోలేదు, ఎవరి కాలూ విరగలేదు.

చదువు అయిపోయింది 2014లో. ఇక్కడ మన మౌలానా సాబ్ చెప్పని హిసాబ్ ఒకటుంది. అమెరికాలో ఆడవాళ్ళ ప్రొఫెషనల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో అప్పుడు ఉన్నవి 12 టీములే. ఒక్కో టీములో డజను మందికి మించి ఉండరు. అంటే దేశం మొత్తానికి నూట యాభై కుర్చీలు కూడా లేవు. మిగిలిన వేలమంది ఆటగత్తెలు రోటీ కోసం పరదేశం పోవాల్సిందే: స్పెయిన్, ఇటలీ, టర్కీ, పోలండ్. ఆ నూట యాభై మందిలోని పెద్ద పెద్ద స్టార్లు కూడా వేసవిలో అక్కడ ఆడి చలికాలం రష్యాకో టర్కీకో వెళ్ళేవాళ్ళు. మన నర్సు బెహన్లు గల్ఫ్ వెళ్ళినట్టే అనుకోండి. బిల్ఖీస్ కూడా యూరప్ వెళ్దామనుకుంది. అక్కడే దర్వాజా మూసుకుంది.

ప్రపంచ బాస్కెట్‌బాల్‌ను నడిపే సంస్థ ఫీబా. దాని రూల్ బుక్కులో తల మీద ఏ కప్పూ ఉండరాదని ఖానూన్. 5 సెంటీమీటర్ల పట్టీ కట్టుకోవచ్చు, అంతే. ఎందుకు అంటే సేఫ్టీ అన్నారు, మతాల మధ్య తటస్థత అన్నారు. సేఫ్టీ సంగతి ముందు చూద్దాం. ఏ ఆట, ఏ బంతి, ఏ కోర్టు అయితే అమెరికా కాలేజీలో ఖత్రా కాలేదో అదే యూరప్‌లో ఎలా ఖత్రా అయింది? సముద్రం దాటితే గుడ్డ ఇనుము అవుతుందా? ఇక తటస్థత. 2014 జులైలో చైనాలోని వుహాన్‌లో ఆసియా కప్ జరిగింది. మన ఇండియా టీములోని ఇద్దరు సిక్కు ఆటగాళ్ళు అమృత్‌పాల్ సింగ్, అమ్‌జ్యోత్ సింగ్. పగ్డీ తీస్తేనే ఆట అన్నారు. తీసి ఆడారు. ఆ సెప్టెంబర్‌లోనే ఇంచియాన్ ఆసియా క్రీడల్లో ఖతార్ ఆడపిల్లల టీమ్ హిజాబ్ తీయమంటే మంగోలియాతో ఆడకుండానే కోర్టు దిగిపోయింది. ఫుట్‌బాల్ వాళ్ళు అప్పటికే, 2014 మార్చిలోనే, తలకప్పుకు ఇజాజత్ ఇచ్చేశారు. ఫీబా మాత్రం పరీక్షా కాలం అంటూ మూడేళ్ళు నాన్చింది. చివరికి 2017 మే నెలలో హాంగ్‌కాంగ్‌లో తీర్మానం చేసి, అక్టోబర్ 1 నుంచి కొత్త ఖానూన్ అమలు చేసింది.

ఆ మూడేళ్ళు బిల్ఖీస్ ఖాళీగా సబర్ చేస్తూ కూర్చోలేదు. అర్జీలు పెట్టింది, మాట్లాడింది. బోస్నియా మూలాలున్న ఇందిరా కల్యో అనే ఇంకో ఆటగత్తె కూడా దస్తఖత్‌లు సేకరించి లడాయి చేసింది. బిల్ఖీస్ మీద ఒక డాక్యుమెంటరీ వచ్చింది. హిజాబ్ తీసేద్దామా అని తాను ఆలోచించిన రోజుల గురించి కూడా ఆమె దాచకుండా చెప్పింది. ఇది మన జల్సాల్లో చెప్పరు. చెబితే కిస్సా మజా పోతుంది. దర్వాజా తెరుచుకునే సరికి ఆట వయసు, లయ రెండూ చేయి జారాయి. ఆమె ప్రొఫెషనల్‌గా ఆడలేదు. కోచ్ అయింది, కెనడాలో కాపురం పెట్టింది, పిల్లలకు నేర్పుతోంది. హాయిగానే ఉంది, అల్‌హమ్దులిల్లాహ్. కానీ హాయిగా ఉండటం వేరు, ఇన్సాఫ్ జరగడం వేరు.

అయితే నా ఝగడా ఇవాళ ఫీబాతో కాదు. అది ఆలస్యంగా అయినా తప్పు దిద్దుకుంది. నా ఝగడా మనతో.

ఖుర్బానీ అంటే మన చేత్తో మనం ఇచ్చేది. జేబు దొంగ కొట్టేసిన డబ్బును ఎవరైనా ఖైరాత్ అంటారా? బిల్ఖీస్ బంతిని వదల్లేదు, బంతిని ఆమె చేతిలోంచి గుంజుకున్నారు. మనం దాన్ని ఖుర్బానీ అని పిలిచిన మరుక్షణం రెండు పనులు అవుతాయి. గుంజుకున్నవాడు బరీ అయిపోతాడు. వినే ఆడపిల్లకు దీన్ ఒక వైపు, ఆట ఒక వైపు, మంచి అమ్మాయి ఆట వదిలేస్తుంది అనే పాఠం ఎక్కుతుంది. ఫీబా చెప్పిందీ సరిగ్గా అదే కదా! రెంటిలో ఒకటి ఎంచుకో అని. జెనీవా దగ్గర ఆఫీసులో కూర్చున్న సాహెబులూ, మన పందిట్లో మైకు పట్టుకున్న హజ్రత్‌లూ ఒకే మాట మీద ఉన్నారు. ఒకరు తాళం వేశారు, ఇంకొకరు తాళాన్ని ముద్దు పెట్టుకున్నారు.

నా తెలుగు దోస్తులు కొందరు ఇంకో రకం. ఎం.ఏ. తెలుగులో నాతో కూర్చుని చదివినవాళ్ళు. "మూరెడు గుడ్డ కోసం ఇంత టాలెంట్ పాడుచేసుకోవడమేంటి, తీసేస్తే పోయేదిగా" అంటారు. సరే, తీసేస్తే పోయేది. వుహాన్‌లో సర్దార్జీలు పగ్డీ తీసి ఆడినప్పుడు దేశమంతా గుస్సా చేసిందే, అప్పుడు మీరు మూరెడు గుడ్డ అన్నారా? ఫ్రాన్స్‌లో ఇవాళ జరుగుతున్నది ఇదే. ఫీబా తలుపు తెరిచినా, 2022లో ఫ్రెంచి బాస్కెట్‌బాల్ ఫెడరేషన్ తమ పోటీలన్నిటిలో తలకప్పును బంద్ చేసింది. సలీమతా సిల్లా అనే కెప్టెన్‌ను ఆ మరుసటి జనవరిలో మ్యాచ్ ముందు పక్కన కూర్చోబెట్టారు. దియాబా కోనాతే అనే అమ్మాయి ఫ్రాన్స్ తరఫున చిన్న వయసులో పతకాలు తెచ్చింది. అమెరికా కాలేజీలో హిజాబ్‌తో ఆడింది, సొంత దేశంలో ఆడే రాస్తా లేదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వేరే దేశాల అమ్మాయిలు తల కప్పుకుని ఆడవచ్చన్నారు, ఫ్రాన్స్ అమ్మాయిలు ఆడకూడదన్నారు. జబర్దస్తీ నుంచి రక్షిస్తున్నామని జబర్దస్తీ!

ఇక్కడ నా ఖారీన్‌లో కొందరు వాహ్వా అంటారని తెలుసు. ఆగండి. ఇరాన్ చెస్ క్రీడాకారిణి సారా ఖాదిమ్ 2022 చివర్లో కజకిస్తాన్‌లో తల కప్పుకోకుండా ఆడింది, ఆ తర్వాత సొంత దేశం వదిలి స్పెయిన్‌లో బతుకుతోంది. ఆమె హక్ కోసం మన మొహల్లాలో ఎవరు నోరు తెరిచారు? తీయమనే జుల్మ్ జుల్మ్ అయితే, కట్టుకోమనే జుల్మ్ కూడా జుల్మే. ఈ మాటకు నన్ను తిట్టేవాళ్ళు తిట్టండి, కామెంట్లు మూసేయను.

ఇక మన ఇళ్ళ సంగతి. మన ఆడపిల్లలకు అడ్డం పడింది ఏ ఫెడరేషన్? 2005లో సానియా స్కర్టు మీద మనం చేసిన రభస గుర్తుంది. నిజామాబాద్ నిఖత్ జరీన్ తండ్రికి "బిడ్డకు నిక్కర్లు వేయించి గుద్దులాట నేర్పుతావా" అని రిష్తేదార్లే చెప్పారు. ఆమె 2022లో, 2023లో ప్రపంచ చాంపియన్ అయ్యాక వాళ్ళే ఫొటోలకు వరస కట్టి ఉంటారు, మన రివాజ్ నాకు తెలియదా! బీబీ ఆయిషా రజియల్లాహు అన్హా పరుగు పందెంలో రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లంను గెలిచిన హదీసు మన పిల్లలకు చెప్పరా అంటే, చెబుతారు. చెప్పి, "నువ్వు మాత్రం వద్దు" అంటారు.

నేను మాత్రం ఏం పుణ్యాత్ముణ్ణి? మా చెల్లెలు రజియా (అసలు పేరు కాదు) మా ఉర్దూ మీడియం స్కూల్లో పరుగులో ముందు. ఆడపిల్లల బడికి మైదానమే లేదు, సందులో పరిగెత్తేవాళ్ళు. ఎనిమిదో తరగతిలో జిల్లా పోటీలకు పేరు వచ్చింది. అబ్బా సందేహంలో ఉన్నారు, అమ్మీ సరే అంది. "నక్కో" అన్నది నేను. ఇంటర్ చదువుతున్న పెద్ద భాయ్‌ని, దోస్తులు ఏమంటారో అని నా భయం. అది నా ఇజ్జత్ గోల, దీన్‌కు అందులో వాస్తా లేదు. రజియా ఏడవలేదు, తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడు ఆమెకు మోకాళ్ళ నొప్పి, షుగర్. డాక్టర్ రోజూ నడవమన్నారు. నడవడానికి చోటేది అని పోయిన ఈద్‌కు నన్నే అడిగింది.

ఫీబా తప్పు దిద్దుకోవడానికి మూడేళ్ళు పట్టింది. నాకు దాదాపు ముప్ఫై ఏళ్ళు.

అందుకే ఒక పని మొదలుపెట్టాను. మా మొహల్లా షాదీఖానా వెనక సిమెంటు జాగా ఉంది. పెళ్ళిళ్ళ రోజుల్లో దేగ్‌లు పెడతారు, మిగతా రోజుల్లో మేకలు పడుకుంటాయి. గోడ ఎత్తుగా ఉంది, బయటివాళ్ళ నజర్ పడదు. ఫజర్ తర్వాత రెండు గంటలు ఆడపిల్లలకు ఇవ్వండి, తల కప్పుకునేవాళ్ళు కప్పుకుంటారు, కప్పుకోనివాళ్ళను అడగొద్దు, నేర్పడానికి ఒక బాజీని నేను తెస్తాను అని కమిటీకి దర్ఖాస్త్ ఇచ్చాను. అధ్యక్షులు సాబ్ చాయ్ ఇప్పించారు. "నీయత్ అచ్ఛీ హై మియాఁ, లేకిన్ లోగాఁ క్యా బోల్తే" అన్నారు. ఆ లోగాఁలో నేనూ ఒకణ్ణే సాబ్, నేనేమీ బోల్తా నహీఁ అన్నాను. నవ్వారు.

బోర్డు, రింగు కొనేశాను. మా వరండాలో గోడకు ఆనించి ఉన్నాయి. కూతురు రోజూ స్కూలుకు పోతూ వాటిని చూస్తుంది. కమిటీ వాళ్ళు ఇంకా "దేఖేంగే" దగ్గరే ఉన్నారు. మొహల్లా వాళ్ళు ఇది చదువుతుంటే, రేపు జుమా తర్వాత నాతో పాటు ఒకసారి ఆఫీసు దాకా రండి.